బ్లాక్ చేసే ముందు చాయ్ తాగవలెను

"తాండూరు పట్టణ ప్రజలకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఏ వ్యాపారి పంపిన మెయిల్‌నైనా బ్లాక్ చేయదలచినవారు ముందుగా సదరు వ్యాపారి ఇంటికి పోయి, చెప్పులు బయట విడిచి, చాయ్ తాగి, బ్లాక్ చేయుటకు గల కారణమును ముఖాముఖి విన్నవించి, భార్యాపిల్లల క్షేమము అడిగి, అటుపిమ్మట మాత్రమే గుండీ నొక్కవలెను. చాయ్ తాగకుండా చేసిన బ్లాకులు చెల్లవు. — తాండూరు వర్తక సౌహార్ద సంఘం."

ఈ ప్రకటన ఇప్పుడు తాండూరు బజారులో ప్రతి గోడ మీదా ఉంది. చదివినవాళ్ళెవరూ నవ్వలేదు. నవ్వడానికి ఏముంది? ఒక మనిషిని వద్దనుకున్నప్పుడు ఆ మాట ఆయన ముఖం మీద చెప్పాలన్న కనీస మర్యాద ఇన్నాళ్ళూ రాతపూర్వకంగా లేదు, ఇప్పుడు వచ్చింది. అంతే. నవ్వేవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళు తాండూరు బయటివాళ్ళయినా అయి ఉండాలి, ఇంకా ఎవరి చేతా బ్లాక్ కానివాళ్ళయినా అయి ఉండాలి.

ఈ మహత్తర సంస్కరణకు మూలం వినీత అనే లెక్కల టీచరు.

వినీత పుట్టిల్లు యాలాల్, మెట్టినిల్లు తాండూరు. పొద్దున రైలెక్కి వికారాబాద్ పోయి, అక్కడ ఒక ప్రైవేటు కాలేజీలో పిల్లలకు లెక్కలు చెప్పి, సాయంత్రం రైల్లో తిరిగి వస్తుంది. భర్త అనిల్‌కుమార్‌కు బజారులో విత్తనాలు, ఎరువుల దుకాణం. మంచివాడని పేరు. అంటే ఎవరేమన్నా అవునంటాడు. అత్త కస్తూరమ్మకు పెళ్ళయిన నాటినుంచి కిరాయి ఇండ్లే. ఊళ్ళో ఏ ఇంట్లో పేరంటమైనా పోయి కూర్చున్నది, తాంబూలం తెచ్చుకున్నది. తన ఇంట్లో మాత్రం ఎవరినీ కూర్చోబెట్టలేదు, జాగా లేక. నలుగురు ఆడవాళ్ళు వస్తే ఐదో ఆమె మెట్ల మీద కూర్చుని, లోపల ఏం మాట్లాడుతున్నారో బయటినుంచి అడిగి తెలుసుకోవాలి.

అందుకే సొంత ఇల్లు కట్టడం మొదలు పెట్టినప్పుడు కస్తూరమ్మ కోడలిని ఒక్కటే అడిగింది.

"నాకు వేరే ఏం వద్దు వినీతా. హాలు నిండాలె. గీ గోడ కాడికెంచి గా గోడ దాక ఆడోళ్ళు మోకాలుకు మోకాలు తగిలేటట్టు కూసోవాలె. నేను నడుమ నిలబడి వడ్డించాలె."

"నింపుత అత్తమ్మా," అన్నది వినీత. "నీకు నడువనీకి జాగా లేకుండ నింపుత."

మాట ఇవ్వడం సులువు. హాలు నిండడానికి ముందు హాలుకు నేల ఉండాలి గదా. నేల కోసం వినీత, ఆ ఊరి మర్యాద ప్రకారం, మల్లేశ్వర్ సేఠ్ పాలిష్ బండల గోదాముకు పోయింది. నీలం బండ చూసింది, నచ్చింది, బేరమాడింది, కుదిరింది. మల్లేశ్వర్ చాయ్ తెప్పించి, "మేడం, జర మీ మెయిల్ ఐడీ చెప్పుండ్రి, కంప్యూటర్ల ఎక్కించాలె," అన్నాడు. ఆమె చెప్పింది. చదువుకున్నవాళ్ళు చేసే పొరపాట్లలో ఇది మొదటిది.

సగం హాలుకు బండలు వచ్చాయి. మిగతా సగం "రేపు దింపుత మేడం" అన్నాడు. మల్లేశ్వర్ మాట తప్పే మనిషి కాదు. ఎప్పుడు అడిగినా రేపే అన్నాడు, ఒక్కరోజు కూడా ఎల్లుండి అనలేదు.

బండలు రాలేదు గానీ మెయిళ్ళు వచ్చాయి. పొద్దున లేచేసరికి బండ మీద గులాబీ పెట్టిన బొమ్మ: "శుభోదయం వినీత గారూ! ఈ రోజు మీ పాదం ఏ నేల మీద మోపారు?" పదకొండింటికి ఇంకొకటి: "మీ పక్కింటివారు వేయించుకున్నారు. మరి మీరు?" పక్కిల్లు ఇంకా పునాది దాటలేదు. యోగా దినోత్సవం నాడు చల్లని బండ మీద ఆసనం వేయమన్నారు. అమావాస్య నాడు "ఈ రోజు కొనకండి, చూసి పెట్టుకోండి" అని శాస్త్ర ప్రకారం హెచ్చరించారు. ఆమె తెరిచి చూడకపోతే సాయంత్రానికి ఇంకొకటి: "వినీత గారూ, మా వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?" జరిగింది. సగం హాలు మట్టి మీదే ఉంది. ఆ సంగతి రాస్తే జవాబు వచ్చేది: "మీ ఆసక్తికి ధన్యవాదాలు. ఎవరింట్లో సగం హాలు మట్టి మీద ఉందో వారికి మా నీలం బండలే శరణ్యం."

ఒక పొద్దున రైలు ధారూర్ దాటింది. పక్కన కూర్చున్న స్నేహలత, అదే కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే ఆమె, వినీత ఫోనులోకి తొంగి చూసింది.

"ఇంకా చదువుతున్నవా వాని కథలు? నొక్కెయ్యి. నేను దినాం పదిమందిని నొక్కుత. దానికో పుణ్యం ఉంటది."

వినీత బ్లాక్ నొక్కింది. చేయి ఊపులో ఉండి "ఇక నాకు పంపకండి" అన్న గుండీ కూడా నొక్కింది. కిటికీలోంచి గాలి వచ్చింది. ఆ గాలిలో గులాబీ లేదు, బండ లేదు, పక్కింటివారు లేరు. వికారాబాద్ జంక్షన్‌లో ఆమె దిగుతూ చిన్నగా పాట పాడుకున్నదని చూసినవాళ్ళు తర్వాత సాక్ష్యం చెప్పారు.

మల్లేశ్వర్ మెయిళ్ళను ఆయన స్వయంగా రాయడు. అంత తీరిక ఎక్కడిది? హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఉంది, అదే జిల్లా మొత్తానికి ఆయన పేరిట గుడ్ మార్నింగులు చెప్పి, సాయంత్రానికి రిపోర్టు పంపుతుంది. ఆ సాయంత్రం రిపోర్టులో వినీత పేరు ఎర్రగా వచ్చింది. మల్లేశ్వర్ చాయ్ సగంలో వదిలేసి లేచాడు. బ్లాక్ చేసింది వినీత గనుక సహజంగానే అనిల్‌కుమార్ దుకాణానికి పోయాడు.

"అనిల్ భాయ్, నేను మీకేం అన్యాయం చేసిన?"

"ఏమైంది సేఠ్?"

"మేడం నన్ను బ్లాక్ చేసింది."

అనిల్‌కుమార్ చేతిలోని బస్తా కొక్కెం కింద పడింది. "అయ్యో. లొల్లి ఏమన్న అయిందా?"

"లొల్లి అయితే ఒక తీరు. ఏం లొల్లి లేదు, అదే బాధ. మొన్న గోదాముల నా చాయ్ తాగి, నవ్వుకుంట పోయి, బ్లాక్ చేసింది. నేను మొఖం ఎక్కడ పెట్టుకోవాలె?"

"అవును సేఠ్," అన్నాడు అనిల్‌కుమార్. మంచివాడని చెప్పాను కదా.

వార్త బజారులో నడిచింది. కిరాణా దుకాణం దగ్గర "వినీత మల్లేశ్వర్‌ను ఇంటికి రావద్దన్నదంట" అయింది. పండ్ల బండి దగ్గర "గల్ల పట్టి బయటికి తోసిందంట" అయింది. స్టేషను దగ్గరికి పోయేసరికి రెండు కుటుంబాల మధ్య తాతలనాటి పొలం గెట్టు తగాదా ఉన్నట్టు, అది ఎక్కడుందో చూసినవాళ్ళు కూడా ఉన్నట్టు తేలింది.

ఇంట్లో అత్త ఎదురు చూస్తున్నది.

"మల్లేశ్వర్‌ను ఏమో చేసినవంట? కూరగాయల పద్మమ్మ దొండకాయ తూకమెయ్యకుంటనే అడిగింది."

"ఏం చెయ్యలె అత్తమ్మా. ఆయన మెయిళ్ళు రాకుంట చేసిన. తలుపేసిన అనుకో."

"ఇంటికొచ్చినోనికి తలుపేస్తరా?"

"ఇంటికి రాలె. ఫోన్లకొచ్చిండు."

"ఎక్కడికొస్తే ఏంది, వచ్చిండు గద!"

కస్తూరమ్మ స్కూలుకు పోలేదు. అయినా సంఘంవాళ్ళు తర్వాత వారాల తరబడి చర్చించి కనుక్కున్న సూత్రాన్ని ఆమె నిలబడ్డచోటే చెప్పేసింది.

మర్నాడు వినీత మిగతా బండల కోసం ఫోను చేస్తే మల్లేశ్వర్ ఎత్తాడు. "మనసు బాగలేదు మేడం. మనసు బాగలేకుంటే ట్రాలీ కదలదు." వేరే గోదాములో కొందామంటే కుదరదు. ఒక గనిలో, ఒక పొరలో తీసిన బండ రంగు ఇంకో పొరకు రాదు. సగం హాలు ఒక నీలం, సగం ఇంకో నీలం అయితే వచ్చిన ఆడవాళ్ళు భోజనం మాని నేల గురించే మాట్లాడతారు. ఆ పొర బండలు మల్లేశ్వర్ దగ్గరే ఉన్నాయి. ఆషాఢం రాకముందు ఆఖరి ముహూర్తం పంతులు రాసి ఇచ్చాడు. మల్లేశ్వర్ మనసు ముహూర్తం లోపల బాగు కావాలి.

అందుకని పంచాయితీ.

వర్తక సౌహార్ద సంఘం ఆఫీసు పప్పు మిల్లు పైన ఉంటుంది. అధ్యక్షుడు విశ్వేశ్వర్‌దే మిల్లు. న్యాయం చెప్పినంతసేపూ కింద కందులు పగులుతుంటాయి. అనిల్‌కుమార్‌ను రమ్మని కబురు వచ్చింది. వినీత కూడా పోయింది. ఆమెను చూసి సభ కొంచెం ఇబ్బంది పడింది. "మీరెందుకమ్మా ఎండల? మీ ఆయన ఉన్నడు గద," అన్నాడు విశ్వేశ్వర్.

"నొక్కింది నేను."

"నొక్కింది మీరే. అయితే జవాబు ఇంటాయన చెప్పాలె. ఫోను మీద ఎవరి వేలున్నా, ఇంటి మీద పేరు ఆయనది."

ఇంటి మీద పేరు కూడా, బ్యాంకు లోను మీద పేరు కూడా వినీతదే. ఈ వివరం సభా మర్యాదకు భంగమని ఎవరూ పట్టించుకోలేదు.

విశ్వేశ్వర్ లేచి కండువా సర్దుకుని ఉపన్యసించాడు: "సభకు నమస్కారం. మన తాండూరు బండకు పేరు, పప్పుకు పేరు, మాటకు పేరు. మన దుకాణానికి వచ్చిన గిరాకీ చీరల మడతలన్నీ ఇప్పించి చూసి, ఏదీ నచ్చకుంటే ఏమంటడు? వద్దంటడా? అనడు. మళ్ళొస్తం అంటడు. రాడని ఆయనకు తెలుసు, మనకు తెలుసు. అయినా తప్పకుండ రాండ్రి అంటం. చీరలు మడత పెట్టుకుంటం. గా ఒక్క మాట మీద బజారు నిలబడ్డది! ఇయ్యాల గా మాట లేకుండ, ఒక్క గుండీ నొక్కి, మనిషిని చీకట్లకు తోసుడు ఏ సంస్కారం? ఏ చదువు?"

చప్పట్లు మోగాయి. కింద కందులు కూడా మోగాయి.

వినీత లేచింది. "అన్నా, నేను దుకాణానికి పోయి తిరిగి రాలె. దుకాణమే నా ఫోన్లకొచ్చి కూసున్నది. పొమ్మంటే పోలె. నేను కొన్న బండలు మాత్రం రాలె."

ఈ వాదనలో పస ఉందని అందరికీ తెలిసిపోయింది. అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మల్లేశ్వర్ లేచి చేతులు జోడించాడు. "పొద్దుగాల లేచి దేవునికి దండం పెట్టంగనే వినీత మేడంకు గుడ్ మార్నింగ్ పంపుత. మా అన్నకు కూడ పంపలె ఎన్నడూ."

"నాకొక్కదానికేనా?"

"మీతోపాటు జిల్లా మొత్తానికి. ప్రేమ అనేది పంచుకుంటే తగ్గుతదా మేడం?"

ఈ మాటకు వెనక కూర్చున్నవాళ్ళ దుఃఖం కట్ట తెంచుకుంది. కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్ళు కనపడే ప్లాట్లు అమ్మే చంద్రశేఖర్ లేచి తననూ బ్లాక్ చేశారన్నాడు. నీళ్ళు కనపడాలంటే ప్లాటులో నీళ్ళ ట్యాంకు కట్టుకొని దాని మీద ఎక్కాలి, అది వేరే సంగతి. కోచింగ్ సెంటర్ ఆయన లేచాడు. మూత్రపిండాల్లో రాళ్ళు తీసే క్లినిక్ ఆయన లేచాడు. ఈయన ఉత్తరాలు మల్లేశ్వర్ ఉత్తరాలతో కలిసిపోయి, ఊరిలో కొందరు కడుపులో పాలిష్ బండలు ఉన్నాయని భయపడ్డారు. అందరూ చేతుల్లో రిపోర్టులు పట్టుకుని ఎర్ర పేర్లు చదవసాగారు. చదువుతూ చదువుతూ ఆగిపోయారు.

"విశ్వేశ్వరన్నా, ఇదేంది? మీ పేరే ఉన్నది గద?" అన్నాడు చంద్రశేఖర్.

"నీ ప్లాట్లు దినానికి ఆరుసార్లు వస్తున్నయి. అయినా నువ్వు నా పప్పును బ్లాక్ చెయ్యలేదా?"

"నేను చేస్తే చేసిన. మల్లేశ్వర్ కూడ చేసిండు, గీన్నే ఉన్నడు, అడుగుండ్రి!"

మల్లేశ్వర్ పప్పును బ్లాక్ చేశాడు. పప్పు ప్లాట్లను, ప్లాట్లు కోచింగ్‌ను, కోచింగ్ క్లినిక్‌ను, క్లినిక్ అందరినీ బ్లాక్ చేసినట్టు తేలింది. ఏళ్ళుగా భుజాల మీద చేతులు వేసుకుని ఫోటోలు దిగిన పెద్దమనుషులు కుర్చీలు వెనక్కి తోసి లేచారు. "నన్నా?" "నిన్నే!" "నా బిడ్డ పెండ్లికి వచ్చి తిన్నవు గదరా!" "తిన్న తర్వాతనే చేసిన!" ఎవరిదో కండువా ఫ్యానుకు చిక్కి తిరగసాగింది. అనిల్‌కుమార్ అందరికీ "అవును, అవును" అంటూ నీళ్ళ గ్లాసులు ఇచ్చాడు.

చివరికి విశ్వేశ్వర్ టేబుల్ చరిచి, చరిత్రలో నిలిచే తీర్పు చెప్పాడు. వర్తకుడు వర్తకుణ్ణి బ్లాక్ చేయడం వ్యాపార అవసరం. గిరాకీ వర్తకుణ్ణి బ్లాక్ చేయడం అహంకారం. కావున వినీత వెంటనే మల్లేశ్వర్‌ను నలుగురి ముందు విడిపించాలి. ఇకమీదట పట్టణంలో ఎవరికి ఏ మెయిల్ వచ్చినా "మళ్ళొస్తం" అని జవాబు రాయాలి. అది అందుకున్న వర్తకుడు "తప్పకుండ రాండ్రి" అనాలి. బజారు మర్యాద కంప్యూటరులో కూడా నిలబడాలి.

వినీత నోరు తెరిచింది. అత్త హాలు కళ్ళ ముందు కదిలింది: సగం నీలం, సగం మట్టి. సరేనన్నది.

విడుదల ఉత్సవం వైభవంగా జరిగింది. ఫోనుకు పసుపు కుంకుమ పెట్టారు. కస్తూరమ్మ దాన్ని పళ్ళెంలో పట్టుకు నిలబడింది. విశ్వేశ్వర్ కొబ్బరికాయ కొట్టాడు, నీళ్ళు చార్జింగ్ రంధ్రంలోకి పోకుండా అనిల్‌కుమార్ చేయి అడ్డం పెట్టాడు. వినీత గుండీ నొక్కగానే ఇన్నాళ్ళూ ఆగిన గుడ్ మార్నింగులు ఒక్కసారిగా వచ్చి పళ్ళెం గజగజ వణికింది. మల్లేశ్వర్ కళ్ళు తుడుచుకున్నాడు. అప్పటికప్పుడు మనసు బాగైంది. "రేపు దింపుత మేడం," అన్నాడు.

అందరికీ మళ్ళొస్తం రాస్తూ కూర్చుంటే పిల్లలకు లెక్కలు ఎవరు చెప్పాలి? వినీత రైల్లో కూర్చుని ఫోనుకే ఆ పని నేర్పింది. ఏ మెయిల్ వచ్చినా దానంతట అదే "మళ్ళొస్తం" అంటుంది. అక్కడ మల్లేశ్వర్ కంపెనీవాళ్ళు కూడా తెలివైనవాళ్ళే. వాళ్ళ యంత్రం దానంతట అదే "తప్పకుండ రాండ్రి" అంటుంది. దానికి ఈమె ఫోను మళ్ళొస్తం అంది. దానికి ఆ యంత్రం తప్పకుండ రాండ్రి అంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అది ఊపందుకుంది. ఊరంతా అదే ఏర్పాటు చేసుకున్నారు. మనుషులు అన్నం తిని పడుకున్నారు, ఫోన్లు మాత్రం ఒకదానికొకటి వీడ్కోలు చెప్పుకుంటూనే ఉన్నాయి. పెళ్ళిలో ఆడవాళ్ళు గడప దగ్గర నిలబడి పోతం పోతం అంటూ పోనట్టు, ఏ యంత్రమూ ముందు కదలదు. మర్యాద ఎవరూ తగ్గించుకోలేదు. వినీత ఫోను కాలిపోతుంటే కస్తూరమ్మ తీసి బియ్యం డబ్బాలో పెట్టింది; డబ్బాలోంచి కూడా మళ్ళొస్తం మళ్ళొస్తం అని బుజబుజ మోత. సాయంత్రానికి పట్టణంలో మెయిళ్ళన్నీ కదలడం మానేశాయి. కరెంటు బిల్లు, గ్యాసు కబురు, హాల్ టికెట్టు అన్నీ మర్యాదల వెనక వరసలో నిలబడ్డాయి. ఫోన్లు చార్జింగ్ అయిపోయి ఒక్కొక్కటే ఆరిపోయాకే మెయిళ్ళు మళ్ళీ కదిలాయి.

దీన్ని విపత్తు అనుకునే మూర్ఖులు ఉంటారు. సంఘం అనుకోలేదు. గిరాకీలకూ వర్తకులకూ మధ్య సంభాషణ లక్షల రెట్లు పెరిగిందని తీర్మానం చేసి, తాండూరును "సౌహార్ద పట్టణం"గా తనకు తానే ప్రకటించుకుని, తనకు తానే శాలువా కప్పుకుంది. అది విని వికారాబాద్ వర్తకులకు నిద్ర పట్టలేదు. జిల్లా కేంద్రం తామైతే మర్యాద తాండూరుకు పోవడమేంది? వాళ్ళు మళ్ళొస్తంకు జవాబుగా "భోజనం చేసి పొండి" అని పెట్టారు. దాంతో జంక్షన్‌లో నలుగురు నిజంగానే భోజనానికి వచ్చి కూర్చున్నారని కాలేజీలో చెప్పుకున్నారు.

ఈ శుభ సందడిలో మల్లేశ్వర్ బండలు దించాడు. నిజంగా దించాడు. మేస్త్రీ పరిచాడు, పాలిష్ పట్టాడు. గోడ నుంచి గోడ దాకా ఒక్కటే నీలం. కస్తూరమ్మ చెప్పులు లేకుండా అటూ ఇటూ నడిచి, మధ్యలో నిలబడి, ఎవరికి ఎక్కడ ఆకు వేయాలో చేత్తో గాలిలో చూపించుకున్నది. "సాలు తల్లీ. ఇగ మనుషులే తక్కువ," అన్నది.

మనుషులను పిలవాలి. ఇంటింటికీ పోయి బొట్టు పెట్టి పిలవాలన్నది కస్తూరమ్మ. పంచాయితీ తిన్న రోజులు పోగా ముహూర్తం మీదికి వచ్చింది. కాలేజీలో పరీక్షలు, సెలవు లేదు. మల్లేశ్వర్ చేయి గుండె మీద పెట్టుకున్నాడు. "ఫికర్ చెయ్యకుండ్రి మేడం. మన కంపెనీ తోని పిలిపిస్త. జిల్లాల ఒక్క మనిషి తప్పడు."

వినీత ఒక్క క్షణం ఆలోచించింది. ఒక్క క్షణమే. "సరే సేఠ్. జర మర్యాదగ రాయమనుండ్రి," అన్నది. కంపెనీ మర్యాదగానే రాసింది. "వినీత గారి గృహప్రవేశం. త్వరపడండి!" మధ్యాహ్నం: "మీ పేరు మీద ఒక ఆకు ఎదురు చూస్తోంది." సాయంత్రం: "మీ పక్కింటివారు వస్తున్నారు. మరి మీరు?" మర్నాడు: "వినీత గారి వల్ల ఏమైనా పొరపాటు జరిగిందా?" ఆఖరి రోజు: "పూర్ణం బూరెలు పరిమితం. ఆఖరి అవకాశం!"

ముహూర్తం నాడు పాలు పొంగాయి. పంతులు వచ్చాడు. మల్లేశ్వర్ వచ్చాడు. కూరగాయల పద్మమ్మ వచ్చింది, ఆమెకు మెయిల్ లేదు గనుక. ఇంకెవరూ రాలేదు. పూర్ణం బూరెలు పరిమితం కాలేదు. గోడ నుంచి గోడ దాకా నీలం బండ అద్దంలా మెరిసింది. అందులో కస్తూరమ్మ ఒక్కతే తలకిందులుగా నిలబడి కనిపించింది. పరిచిన ఆకులు ఒక్కొక్కటే తీసి ఒకదాని మీద ఒకటి పెట్టింది.

ఆ ఆకుల చప్పుడు వినీతకు పంచాయితీ కన్నా గట్టిగా వినిపించింది. మల్లేశ్వర్‌ను అడిగి రిపోర్టు తెప్పించింది. ఎర్ర పేర్లు కిందికీ కిందికీ పోతున్నాయి. యాలాల్‌లో సొంత తమ్ముడు హర్షవర్ధన్. రైల్లో పక్కన కూర్చునే స్నేహలత. పంచాయితీ చెప్పిన విశ్వేశ్వర్. అడుగున ఇంకో పేరు చూసి ఆమె వెనక్కి తిరిగింది.

"నువ్వు కూడనా?"

"దినానికి ఐదుసార్లు నా ఇంటికి నన్నే పిలుస్తుంటే ఏం చెయ్యను మరి," అన్నాడు అనిల్‌కుమార్. పెళ్ళయ్యాక ఆయన అవుననకుండా మాట్లాడింది అదే మొదలు.

వినీతకు కోపం వచ్చింది. ఏం అన్యాయం చేసింది తను? పిలిచింది. ప్రేమగా, పదే పదే పిలిచింది. అంత మాత్రానికి ఒక మాట లేకుండా, ఒక మళ్ళొస్తం లేకుండా, చీకట్లోకి తోసేస్తారా? ఏ సంస్కారం? ఏ చదువు? పక్కనే నిలబడ్డ మల్లేశ్వర్ ఆమె ముఖం చూసి తల ఊపాడు. "ఇగ తెలిసిందా మేడం ఎట్లుంటదో," అన్నాడు, ఎంతో ఆప్యాయంగా.

ఆమె ఫోను తీసి విశ్వేశ్వర్‌కు చేసింది.

"అన్నా, పంచాయితీ పెట్టాలె. మీరు కూడ ముద్దాయే. అయినా తీర్పు మీరే చెప్పాలె. మిల్లు మీద జాగా సరిపోదు, మా హాల్ల పెడుదాం."

గృహప్రవేశానికి ఆషాఢం అడ్డం. పంచాయితీకి ఏ మాసమూ అడ్డం కాదు. ఎర్ర పేర్లున్న ప్రతి ఇంటికీ కబురు పోయింది. పొద్దున ఎనిమిదికే జనం మొదలయ్యారు. పిలుపుకు రాని ఊరు పంచాయితీకి ముందుగా వచ్చి జాగా పట్టుకుంది. తమ్ముడు భార్యతో వచ్చాడు. స్నేహలత వికారాబాద్ నుంచి రైల్లో కాలేజీ మొత్తాన్ని తీసుకొచ్చింది. బ్లాక్ చేయనివాళ్ళు కూడా, తమను ఎందుకు పిలవలేదని అలిగి, బ్లాక్ చేసి వచ్చారు. గోడ నుంచి గోడ దాకా మోకాలుకు మోకాలు తగిలింది. ఐదో ఆమెకే కాదు, యాభయ్యో ఆమెకు కూడా మెట్ల మీద కూర్చునే అవసరం రాలేదు.

"నన్నెందుకు బ్లాక్ చేసిండ్రు?" అని వినీత అడిగింది. అందరూ ఒకేసారి జవాబు చెప్పారు. ఆమె వినలేదు. ఆ జవాబులో పస ఉందని ఆమెకు తెలుసు. అందరికంటే ముందు ఆమెకే తెలుసు.

కస్తూరమ్మ మాత్రం ఎవరూ అడగకుండానే వంటింట్లోకి పోయి పొయ్యి వెలిగించింది. వాదోపవాదాల మధ్య నుంచి, నడవడానికి జాగా లేక అడుగులో అడుగు వేస్తూ, ముద్దాయిలందరికీ వడ్డించింది. తిన్నారు. మారు అడిగారు. చాయ్ తాగారు. చాయ్ తాగుతూ విశ్వేశ్వర్‌కు ఆ తీర్మానం తట్టింది. వాక్యం వినీత చెప్పింది, ఆమెను ఆ రోజే సంఘానికి కార్యదర్శిని చేశారు. మీరు మొదట చదివి నవ్విన ప్రకటన అదే.

పోయేటప్పుడు గడప దగ్గర ప్రతి ఒక్కరూ "మళ్ళొస్తం" అన్నారు. కస్తూరమ్మ "తప్పకుండ రాండ్రి" అన్నది. ఆమె ఒక్కతే ఆ మాట నిజంగా అన్నది.

కార్యదర్శిగా వినీత ఇప్పుడు చాలా బిజీ. సంఘం మెయిళ్ళు ఆమే రాయిస్తుంది. రోజుకు నాలుగు, పండగనాడు ఏడు. మీకూ వచ్చే ఉంటుంది, బండ మీద గులాబీ ఉంటుంది, చూడండి. చూశారా? చూసి ఏం చేశారు? చెప్పనక్కరలేదు. రిపోర్టు సాయంత్రానికి వస్తుంది. మీ ఇంట్లో హాలు ఎంత పెద్దదో ఇప్పుడే కొలిచి పెట్టుకోండి. పంచాయితీకి చాలామంది వస్తున్నారు.